స్కాన్ చేశాక... పేరు చదివారా?

పొద్దున్నే టీ బండి దగ్గర ఒకటి. పక్కనే కొబ్బరి బోండాల బండికి తాడుతో వేలాడుతూ ఇంకొకటి. మెడికల్ షాపులో మందుల పెట్టె మీద ఒకటి. మెట్రో గేటు దగ్గర టికెట్ రూపంలో మీ ఫోన్లోనే ఒకటి. సాయంత్రం ఇంటికొస్తే టేబుల్ మీద పెళ్లి శుభలేఖ, దాని వెనక ఫంక్షన్ హాలుకి దారి చూపించే క్యూఆర్ కోడ్! ఒక్క రోజులో ఇలాంటివి ఎన్ని కళ్లబడతాయో లెక్కపెడితే మనకే ఆశ్చర్యం వేస్తుంది. మరి వాటిలో మీరు ఎన్నింటిని చదివారు? జవాబు సున్నా. మీరే కాదు, ఎవరూ చదవలేరు. ఆ నల్లటి గళ్లు కెమెరాకి అర్థమవుతాయి కానీ మనిషి కంటికి కాదు. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

నేను విజయవాడలో చిన్న చిన్న వ్యాపారాలకు పాంప్లెట్లు, మెనూ కార్డులు, డబ్బాల మీద లేబుళ్లు డిజైన్ చేస్తుంటాను. ఈ మధ్య నా దగ్గరకొచ్చే ప్రతి పనిలోనూ ‘ఆ మూల ఓ క్యూఆర్ కోడ్ కూడా పడెయ్యండి’ అనే మాట తప్పకుండా ఉంటోంది. పడెయ్యడం అయిదు నిమిషాల పని. కానీ అది జనాన్ని ఎక్కడికి తీసుకెళ్తుంది, దాని మీద ఎవరైనా ఇంకో కోడ్ అంటిస్తే ఏమవుతుంది... ఇవి అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈ కబుర్లు. సగం వ్యాపారం చేసేవాళ్లకి, సగం స్కాన్ చేసేవాళ్లకి. ఈ రోజుల్లో మనలో చాలామందిమి రెండూ చేస్తున్నాం కదా!

కార్ల ఫ్యాక్టరీ నుంచి టీ బండి దాకా

దీని పుట్టిల్లు జపాన్. టయోటా గ్రూపులో కార్ల విడిభాగాలు తయారుచేసే డెన్సో అనే కంపెనీ ఉంది. అక్కడ ఒక్కో పెట్టె మీద పది దాకా బార్‌కోడ్‌లు ఉండేవి. ఎందుకంటే ఒక్క బార్‌కోడ్‌లో పట్టేది సుమారు ఇరవై అక్షరాలే. పెట్టె పెట్టెకీ అన్నిసార్లు స్కానర్ పట్టుకుని పనివాళ్లు విసిగిపోయేవాళ్లు. ఆ తలనొప్పి తీర్చే పని మసహిరో హర అనే ఇంజినీరుకి వచ్చింది. నల్లరాళ్లు, తెల్లరాళ్లతో గళ్ల పలక మీద ఆడే ‘గో’ ఆట చూస్తుంటే ఆయనకి ఆలోచన తట్టిందట. అడ్డంగానే ఎందుకు, నిలువుగా కూడా సమాచారం పెట్టొచ్చు కదా అని! అలా 1994లో క్యూఆర్ కోడ్ వచ్చింది. క్యూఆర్ అంటే క్విక్ రెస్పాన్స్... అడిగిన వెంటనే చప్పున జవాబు చెప్పేది.

మూడు మూలల్లో పెద్ద చదరాలు కనిపిస్తాయి కదా, వాటి వెనకా ఓ కథ ఉంది. కోడ్ ఎక్కడుందో స్కానర్ చటుక్కున పట్టుకోవాలంటే, మామూలు ముద్రణలో ఎక్కడా పెద్దగా కనిపించని గుర్తు కావాలి. హర బృందం పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు ముందేసుకుని నలుపు, తెలుపు ఎంతెంత వెడల్పున వస్తున్నాయో కొలిచింది. 1:1:3:1:1 అనే కొలత అన్నిటికన్నా అరుదు అని తేలింది. ఆ కొలతే మూలల్లో కూర్చుంది. కోడ్‌ని తలకిందులుగా పట్టుకున్నా ఫోన్ చదివేది ఆ మూడు చదరాల వల్లే.

పేటెంట్ చేతిలో ఉన్నా, ఎవరైనా వాడుకోవచ్చని డెన్సో వదిలేసింది. ఆ నిర్ణయమే దాన్ని ప్రపంచమంతా తిప్పింది. మన దగ్గరికొచ్చేసరికి 2016లో యూపీఐ మొదలవడంతో దాని దశ తిరిగింది. మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో కోడ్. షాపు కౌంటర్ మీద మూడు నాలుగు స్టాండీలు బారులు తీరి ఉండేవి, గుర్తుందా? ఇలా సొంత యాప్‌కి మాత్రమే పనిచేసే కొత్త కోడ్‌లు తేవద్దని రిజర్వు బ్యాంకు 2020 అక్టోబర్లో చెప్పింది. ఉన్నవాళ్లు 2022 మార్చి 31లోగా అందరికీ పనికొచ్చే కోడ్‌లకు మారాలంది. ఈ రోజు ఏ యాప్‌తో ఏ షాపు కోడ్ స్కాన్ చేసినా పనవుతోందంటే కారణం అదే.

ఆ గళ్లలో ఏముంటుంది?

చాలామంది క్యూఆర్ కోడ్ అంటే ఏదో మంత్రం అనుకుంటారు. నిజానికి అందులో ఉండేది ఉత్త రాత. అక్షరాలు, అంకెలు అంతే. పెద్ద సైజు కోడ్‌లో అంకెలైతే 7,089 దాకా, ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, అంకెలు కలిపితే 4,296 దాకా పడతాయి. షాపులో డబ్బులు కట్టే కోడ్‌లో ఉండేది ఆ షాపు యూపీఐ ఐడీ, పేరు, ఒక్కోసారి కట్టాల్సిన మొత్తం. హోటల్ మెనూ కోడ్‌లో వెబ్‌సైట్ లింక్. కాఫీ షాపు గోడ మీదున్న దాంట్లో వైఫై పేరు, పాస్‌వర్డ్. కోడ్ తనంతట తాను డబ్బు లాగదు, ఫోన్‌ని పాడు చేయదు. అది కేవలం ఒక చిరునామా చీటీ. ఆ చిరునామాకి వెళ్లడమా మానడమా అన్నది మన వేలు చేసే పని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

లింకులకు వాడే కోడ్‌లు రెండు రకాలు. మొదటిది స్టాటిక్. ఒకసారి ముద్రిస్తే అందులోని లింక్ ఇక మారదు. రెండోది డైనమిక్. కోడ్‌లో ఉండేది మధ్యలో ఓ మజిలీ లింక్. అసలు ఎక్కడికి పంపాలన్నది వెనక నుంచి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎంతమంది స్కాన్ చేశారో కూడా తెలుస్తుంది. పండగ ఆఫర్ అయిపోగానే అదే కోడ్‌ని మామూలు ధరల పేజీకి తిప్పుకోవచ్చు. సౌకర్యం బాగుంది కానీ ఓ మెలిక ఉంది. ఆ మజిలీ నడిపే కంపెనీకి మీరు చందా కట్టడం ఆపితే కోడ్ కూడా ఆగిపోవచ్చు. వెయ్యి డబ్బాల మీద లేబుల్ కొట్టించాక ‘ఉచిత గడువు ముగిసింది’ అని వస్తే ఏం చేస్తారు? అందుకే ఎక్కువ కాలం నిలవాల్సిన చోట సొంత వెబ్‌సైట్ లింక్‌తో స్టాటిక్ కోడ్ మేలు అని నా దగ్గరకొచ్చేవాళ్లకి చెబుతుంటాను.

పచ్చడి సీసా మూత అమ్మిపెట్టిన కథ

మాకు తెలిసిన ఓ ఆంటీ ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, ఉసిరికాయ పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. ‘అందరూ పెడుతున్నారు, నా సీసా మీద కూడా కోడ్ పెట్టు బాబూ’ అన్నారు. ‘దేనికాంటీ?’ అంటే, ‘ఏమో, మా పేజీ చూస్తారు’ అన్నారు. పేజీ చూసి ఏం చేస్తారు? ఓ లైక్ కొట్టి పోతారు. 

అప్పుడు కూర్చుని ఆలోచించాం. సీసా మీద కోడ్‌ని ఎవరు స్కాన్ చేస్తారు? పచ్చడి తిన్నవాళ్లు. ఎప్పుడు? అడుగంటుతున్నప్పుడు. వాళ్లకి అప్పుడేం కావాలి? ఇంకో సీసా. అందుకని మూత మీద పెట్టిన కోడ్ నేరుగా ఆంటీ వాట్సాప్‌కి వెళ్లేలా చేశాం. చాట్ తెరుచుకోగానే ‘మీ పచ్చడి మళ్లీ కావాలండీ - మూత’ అని మెసేజ్ రెడీగా ఉంటుంది. పంపడమే తరువాయి. పాంప్లెట్ మీద కోడ్‌కి చివర ‘పాంప్లెట్’ అనీ, ఎగ్జిబిషన్ స్టాల్‌లో పెట్టిన దానికి ‘స్టాల్’ అనీ పెట్టాం. ఏ ఆర్డర్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకి మెసేజ్ చూస్తేనే తెలిసిపోతుంది. రూపాయి ఖర్చు లేదు. నెల తిరిగేసరికి ఆవిడే తేల్చేశారు... ‘పాంప్లెట్లు ఆపేద్దాం, మూతే నయం’ అని.

మార్కెటింగ్‌లో క్యూఆర్ కోడ్ సంగతి ఇంతే. స్కాన్ చేసేవాడికి ఆ క్షణంలో పనికొచ్చేది ఇస్తే స్కాన్ చేస్తాడు. లేకపోతే అది గోడ మీద మరక. ఎలక్ట్రీషియన్ అయితే, ఇంట్లో బిగించిన స్విచ్‌బోర్డు పక్కనే తన నంబరున్న చిన్న స్టిక్కర్. మొక్కల నర్సరీ అయితే, కుండీకి కట్టిన చీటీ మీద ‘ఈ మొక్కకి నీళ్లెన్ని పొయ్యాలి’ అనే వీడియో. బట్టల షాపు అయితే బిల్లు వెనక ‘సైజు మార్చుకోవాలా?’ అని ఓ కోడ్. చూశారా, ఎక్కడా ‘మమ్మల్ని ఫాలో అవ్వండి’ అని లేదు.

పెద్ద కంపెనీలు దీన్ని ఎంత దూరం తీసుకెళ్లాయో చెప్పాలంటే కాయిన్‌బేస్ ప్రకటనే చెప్పుకోవాలి. 2022 ఫిబ్రవరిలో అమెరికా సూపర్ బౌల్ ఆట మధ్యలో ఆ క్రిప్టో కంపెనీ ఒక నిమిషం ప్రకటన వేసింది. నల్లటి తెర, దాని మీద అటూఇటూ గెంతుతూ ఓ క్యూఆర్ కోడ్. మాట లేదు. జనం ఎగబడి స్కాన్ చేసేసరికి ఆ కంపెనీ సైటు కాసేపు చతికిలబడింది. ప్రకటనగా సూపర్ హిట్టే. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. ఎవరిదో తెలియని కోడ్‌ని, ఎక్కడికి పోతుందో తెలియకుండా, లక్షలమంది ఎగబడి స్కాన్ చేశారు. ‘క్యూఆర్ అంటే ముందు స్కాన్, తర్వాతే ఆలోచన’ అని మనకి ఎంత అలవాటైపోయిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ముద్రించే ముందు ఇవి చూసుకోండి

కోడ్ పెట్టడంలో చాలాచోట్ల కనిపించే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. చిన్నవే, కానీ ఖర్చంతా దండగ చేసేస్తాయి.

సైజు: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు ఉండాలి అనేది వాడుకలో ఉన్న లెక్క. పది అడుగుల దూరమైతే కోడ్ కనీసం అడుగు. ఫ్లైఓవర్ పక్కన ఫ్లెక్సీ మీద అరచేయంత కోడ్ ఎవరి కోసం? బండి నడుపుతున్నవాళ్లు అసలు స్కాన్ చేయకూడదు కూడా!

ఖాళీ: కోడ్ చుట్టూ నాలుగు గళ్ల మందాన ఖాళీ వదలాలి. అంచుల దాకా పూలూ లతలూ పెడితే ఫోన్ తికమకపడుతుంది.

రంగు: లేత నేల మీద ముదురు గళ్లు. బంగారు రంగు మీద పసుపు కోడ్ శుభలేఖలో అందంగా ఉంటుంది, పని మాత్రం చేయదు.

లోగో: మధ్యలో లోగో పెట్టినా కోడ్ పనిచేస్తుంది. కారణం, కొంత భాగం చెడిపోయినా మిగతాదాంతో సరిపెట్టుకునే ఏర్పాటు అందులోనే ఉంది. ఆ ఏర్పాటు 7 శాతం నుంచి 30 శాతం దాకా నాలుగు స్థాయుల్లో దొరుకుతుంది. లోగో పెడితే పై స్థాయి ఎంచుకోండి.

రాత: కోడ్ కింద అది ఎందుకో ఒక్క ముక్క, ఎక్కడికి వెళ్తుందో ఒక్క ముక్క తెలుగులో రాయండి. ‘స్కాన్ చేస్తే మా వాట్సాప్ తెరుచుకుంటుంది’ అంటే చాలు. కింద వెబ్‌సైట్ పేరు కూడా వేస్తే, స్క్రీన్ మీద వచ్చేదీ ఇక్కడున్నదీ ఒకటేనా అని జనం సరిచూసుకుంటారు.

ఈ ఆఖరిది అందం కోసం చెప్పింది కాదు. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

రాత్రికి రాత్రే మారిన స్టిక్కర్లు

మధ్యప్రదేశ్‌లో ఖజురహో తెలుసుగా, శిల్పాల ఊరు. 2025 జనవరిలో అక్కడ ఓ రాత్రి కొందరు వచ్చి షాపుల బయట, పెట్రోల్ బంకులో ఉన్న క్యూఆర్ కోడ్‌ల మీద తమ కోడ్‌లు అంటించి పోయారు. తెల్లారి జనం మామూలుగానే స్కాన్ చేశారు, డబ్బులు కట్టారు. అవి వెళ్లింది దొంగల ఖాతాకి. సీసీ కెమెరాల్లో ఆ అంటించే దృశ్యం కూడా దొరికింది. అక్కడో మందుల షాపు యజమానికి సంగతి ఎలా తెలిసిందనుకున్నారు? స్కాన్ చేసిన మనిషి ‘పేరు వేరే వస్తోందండీ’ అని చెప్పబట్టి!

ఇది మన దగ్గరే జరిగే మోసమూ కాదు. అమెరికాలో ఆస్టిన్ నగరంలో 2022 జనవరిలో పార్కింగ్ రుసుం కట్టే యంత్రాల మీద దొంగ కోడ్‌ల స్టిక్కర్లు బయటపడ్డాయి. విచిత్రమేమిటంటే అసలు ఆ నగరం పార్కింగ్‌కి క్యూఆర్ కోడ్ వాడనే వాడదు. అయినా యంత్రం మీద ఉంది కదా, నిజమే అయి ఉంటుందని జనం నమ్మారు. అదే నెలలో క్యూఆర్ కోడ్‌ల మోసాల గురించి ఎఫ్‌బీఐ దేశమంతటికీ హెచ్చరిక చేసింది.

రెండుచోట్లా దొంగ కొత్త సాంకేతికత ఏదీ వాడలేదు. కాగితం, జిగురు... అంతే. షాపు మీద మనకున్న నమ్మకాన్ని వాడుకున్నాడు. మనం కోడ్‌ని చదవలేం కాబట్టి, అది అంటించిన గోడని చూసి నమ్ముతాం. గోడ షాపుదే కానీ, దాని మీద స్టిక్కర్ ఎవరిదో?

అందుకే మనం చదవగలిగిన ఒక్కదాన్ని చదవాలి. స్కాన్ చేశాక స్క్రీన్ మీద వచ్చే పేరు. యూపీఐ యాప్‌లు బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపించాలి, మనం ఫోన్లో పెట్టుకున్న ముద్దుపేర్లు కాదు అని ఎన్‌పీసీఐ చెప్పింది. దీనికి 2025 జూన్ 30 గడువు పెట్టింది. అంటే ఆ పేరుకి విలువ ఇంకా పెరిగింది.

కానీ ఇక్కడో చిక్కుంది. బోర్డు మీద టిఫిన్ సెంటర్ పేరుంటుంది. స్కాన్ చేస్తే వాళ్లావిడ పేరో, తమ్ముడి పేరో వస్తుంది. చిన్న షాపుల్లో అది మామూలే. మరి దొంగదా, సొంతదా ఎలా తెలుస్తుంది? అడగడమే. ‘బాబాయ్, లక్ష్మి అని వస్తోంది, మీదేనా?’ అని ఒక్క మాట. ‘ఆఁ, మా ఆవిడే’ అంటే కట్టెయ్యండి. దీనికి మొహమాటపడక్కర్లేదు. మీ డబ్బు మాత్రమే కాదు, ఆయన రోజు సంపాదన కూడా ఆ ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. పొద్దుటి నుంచి వంద మంది కట్టిన ఇడ్లీ డబ్బులు ఎవరి ఖాతాకో పోతే, తట్టుకునే స్తోమత ఎంతమంది బండివాళ్లకి ఉంటుంది?

‘డబ్బు పంపిస్తా, స్కాన్ చెయ్యి!’

ఇది రెండో రకం. మా పిన్ని కొడుకు పాత సైకిల్ అమ్ముతానని ఆన్‌లైన్‌లో పెట్టాడు. గంటలో ఫోన్. బేరం ఆడలేదు, చూస్తాననలేదు. ‘4,500 కదా, ఇప్పుడే పంపిస్తా’ అన్నాడు అవతలాయన. వాట్సాప్‌లో ఓ క్యూఆర్ కోడ్ వచ్చింది. ‘స్కాన్ చేసి పిన్ కొట్టు తమ్ముడూ, నీ ఖాతాలో పడిపోతాయి’ అన్నాడు. మావాడు స్కాన్ చేశాడు. స్క్రీన్ మీద ‘చెల్లించండి’ అని ఉంది, కింద పిన్ అడుగుతోంది. ‘అన్నా, నాకు డబ్బులొచ్చేదానికి నా పిన్ ఎందుకు?’ అన్నాడు. అంతే, ఫోన్ కట్!

ఈ ఒక్క ప్రశ్న నేర్చుకుంటే చాలు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అసలే అక్కర్లేదు. డబ్బు లావాదేవీలో పిన్ కొట్టామంటే మన ఖాతా నుంచి డబ్బు పంపుతున్నట్టే. ఇందులో మినహాయింపు లేదు. ఆర్మీ ఆఫీసరునన్నా, లాటరీ తగిలిందన్నా, రీఫండ్ అన్నా అంతే. అవతలి మనిషి మన ఫోన్‌కి డబ్బు అడిగే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ పంపే సదుపాయాన్ని వ్యక్తుల మధ్య 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు. ఓ దారి మూసుకుంది. కోడ్ పంపి స్కాన్ చేయమనే దారి మాత్రం తెరిచే ఉంది.

లింక్‌కి ఇంటిపేరు చూడండి

మూడో రకం కోడ్‌లు డబ్బు అడగవు. ఓ వెబ్‌సైట్‌కి తీసుకెళ్తాయి. ‘కరెంటు బిల్లు బకాయి’, ‘పార్సిల్ ఆగిపోయింది’, ‘కేవైసీ చేయించుకోండి’ అంటూ బ్యాంకు పేజీలాంటి పేజీ తెరుచుకుంటుంది. కార్డు నంబరు, ఓటీపీ అడుగుతుంది. లేదంటే ఏపీకే ఫైలు దించుకోమంటుంది. శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల గురించి వినే ఉంటారు, ఇదీ ఆ జాతే.

ఇక్కడ చూడాల్సింది లింక్. చాలా ఫోన్లు కెమెరాతో స్కాన్ చేయగానే లింక్‌ని చూపించి, నొక్కే దాకా ఆగుతాయి. ఆ ఆగిన క్షణంలో చదవండి. ఎలా చదవాలంటే... మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. వెబ్ చిరునామాకి ఇంటిపేరు చివరొస్తుంది. మొదట ఉండే హెచ్‌టీటీపీఎస్, దాని పక్కన రెండు గీతలు వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొదటి గీతకి సరిగ్గా ముందున్న రెండు మూడు ముక్కలే అసలు ఇంటిపేరు. మొదట్లో మీ బ్యాంకు పేరుండి, చివర్లో ఎవరో ఊరూపేరూ లేనివాడి పేరుంటే అది బ్యాంకుది కాదు. ఇంకా గుర్తుండాలంటే, వీధి గేటు మీద ‘కలెక్టర్’ అని రాసుకున్నంత మాత్రాన అది కలెక్టర్ గారి ఇల్లు అయిపోదు కదా! తాళం గుర్తు ఉన్నా నమ్మేయొద్దు. దొంగ సైట్లకీ ఆ గుర్తు దొరుకుతుంది.

పొట్టి లింకులు వస్తే ఇంటిపేరే కనిపించదు. బ్యాంకు, బిల్లు, ప్రభుత్వ పని అయితే స్కాన్ మానేసి, మీరే యాప్ తెరిచి చూసుకోండి. నిజంగా బకాయి ఉంటే అక్కడా కనిపిస్తుంది. కోడ్ ద్వారా వచ్చిన ఏ యాప్‌నీ నేరుగా దించుకోవద్దు. ప్లేస్టోర్‌లో వెతుక్కోండి.

అలాగని అన్నిటినీ అనుమానించక్కర్లేదు. మంచి కోడ్‌లు మనకి కొత్త శక్తినిచ్చాయి. దేశంలో బాగా అమ్ముడుపోయే 300 మందుల బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. స్కాన్ చేస్తే తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ తెలియాలి. మహారాష్ట్రలో అదే రోజు నుంచి ఇళ్ల ప్రాజెక్టుల ప్రకటనల మీద రెరా ఇచ్చే కోడ్ వేయాలన్నారు. బిల్డర్ మాటతో పనిలేకుండా ప్రాజెక్టు వివరాలు మనమే చూసుకోవచ్చు. స్కాన్ చేసి చదివేవాళ్లుంటేనే వీటికి విలువ.

షాపు పెట్టుకున్నవాళ్లకి నాలుగు మాటలు

పొద్దున షట్టర్ ఎత్తగానే సొంత ఫోన్‌తో మీ కోడ్ స్కాన్ చేయండి. మీ పేరే వస్తోందా? దేవుడికి అగరుబత్తి వెలిగించినంత తప్పనిసరిగా పెట్టుకోండి ఈ అలవాటు. స్టిక్కర్ మీద వేలితో తడిమి చూడండి, రెండు పొరలుంటే తెలిసిపోతుంది. 

కోడ్‌ని బయట గోడకి కాకుండా, మీ కంటికి కనిపించే చోట, కౌంటర్ లోపలో అద్దం వెనకో పెట్టండి. రాత్రి బయట వదలొద్దు. కింద మీ బ్యాంకు పేరు పెద్ద అక్షరాల్లో రాయండి. ‘స్కాన్ చేస్తే ఈ పేరు వస్తుంది’ అని ఉంటే, అడగడానికి మొహమాటపడేవాళ్లు కూడా చూసుకుంటారు. నేనిప్పుడు చేసే ప్రతి స్టాండీలోనూ ఈ లైను వేస్తున్నాను.

సౌండ్ బాక్స్ ఖర్చు అనుకోకండి. దాంట్లో మహేశ్ బాబు గొంతు కూడా వస్తోందని సరదాగా చెప్పుకుంటాం కానీ, అసలు లాభం వేరు. డబ్బు మీ ఖాతాలో పడితేనే అది మాట్లాడుతుంది. కొనేవాళ్లు ‘కట్టేశానండీ’ అన్నాక కూడా అది పలకలేదంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. వాళ్లు చూపించే స్క్రీన్‌ని నమ్మి సరుకు ఇవ్వకండి. అచ్చం నిజమైనదానిలాగే ‘చెల్లింపు పూర్తయింది’ అని చూపించే నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి. 

ఇంకోటి. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లని మర్చిపోకండి. కోడ్ మెనూ పెట్టినా, నాలుగు కాగితం మెనూలు ఉంచండి.

పోయాయా? వెంటనే 1930

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎవరికైనా జరగొచ్చు. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా కూర్చోవడం వల్లే ఎక్కువ నష్టం. ముందు 1930కి ఫోన్ చేయండి. ఇది దేశమంతటా పనిచేసే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే, డబ్బు దొంగ ఖాతా నుంచి ఇంకో ఖాతాకి జారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. బ్యాంకుకి, యూపీఐ యాప్‌కి కూడా చెప్పండి. లావాదేవీ నంబరు, స్క్రీన్ షాట్, వీలైతే ఆ స్టిక్కర్ ఫొటో దాచి ఉంచండి. డబ్బు పోకపోయినా అనుమానం కలిగించే కాల్, మెసేజ్ వస్తే సంచార్ సాథీలోని ‘చక్షు’లో తెలియజేయొచ్చు.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ వీధిలో మీరు రోజూ వెళ్లే బండి దగ్గర కోడ్ స్కాన్ చేసి, వచ్చిన పేరు బయటికి చదవండి. ఆ బండాయనకి వినబడేలా చదవండి. తర్వాత ఇంటికెళ్లి అమ్మకీ నాన్నకీ ఆ ఒక్క ప్రశ్నా నేర్పించండి: ‘నాకు డబ్బులొచ్చేదానికి నా పిన్ ఎందుకు?’ వాళ్లు మీకు ఎన్నో నేర్పారు. ఇది మీరు నేర్పాల్సిన వంతు.